మెయిల్ రాస్తాను, ఫోన్ మోగితే నోరు పెగలదు

ఆటోనగర్_అకౌంట్స్
నాది బీకాం. ఇంటర్ దాకా తెలుగు మీడియం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో నాలుగేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఇంగ్లీషులో మెయిల్ రాయమంటే రాస్తాను, ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. పూణే నుంచో చెన్నై నుంచో కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే మాత్రం అరచేతులు తడిసిపోతాయి. "సార్, వన్ మినిట్ సార్" అని ఓనర్ గారి చేతికి ఇచ్చేస్తాను. ఆయన హిందీలో లాగించేస్తారు.

పోయిన నెల ఆయన తిరుపతి వెళ్లినప్పుడు పడింది దెబ్బ. ఒక లోడులో క్లచ్ ప్లేట్లు 15 తక్కువ వచ్చాయి. క్రెడిట్ నోట్ (రాని సరుకు డబ్బు మా లెక్కలో తగ్గిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) ఇమ్మని నేనే మెయిల్ పెట్టాను. అవతలినుంచి ఫోన్. "యూ హ్యావెంట్ రిసీవ్డ్ ద బ్యాలెన్స్ మెటీరియల్?" అన్నాడు. "ఎస్ సార్" అన్నాను. "ఓకే, దెన్ నో ఇష్యూ" అని పెట్టేశాడు. మర్నాడు మెయిల్ వచ్చింది, మీరే ఫోన్లో సరుకు అందిందన్నారు కాబట్టి క్లెయిము మూసేశామని. నేనన్నది అవును, రాలేదు అని! నా తప్పేమిటో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఊళ్లోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల స్పోకెన్ కోర్సు కూడా చేశాను. ఆరు వేలు. బ్యాచ్‌లో యాభై మందిమి. గంటలో యాభై అయిదు నిమిషాలు సారే మాట్లాడేవారు. ఆయన ఇంగ్లీషు బాగా మెరుగుపడి ఉంటుంది. నా వంతు వచ్చి "మైసెల్ఫ్" అనేలోపు టైం అయిపోయేది.

ఇంకోసారి డబ్బు కట్టను. ఉద్యోగం చేసుకుంటూనే నోరు పెగలాలంటే ఏం చేయాలి? నిజంగా చేసి బాగుపడ్డవాళ్లు చెప్పండి. "కాన్ఫిడెన్స్‌తో మాట్లాడు" అని మాత్రం దయచేసి చెప్పొద్దు. అది మా అన్నయ్య రోజూ చెబుతాడు.

బెజవాడ_బాబాయ్
కాన్ఫిడెన్స్‌తో మాట్లాడమ్మా.

ఆటోనగర్_అకౌంట్స్
బాబాయ్ గారూ 🙏

బ్రోడీపేట_మాస్టారు
జిల్లా పరిషత్ స్కూల్లో 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. అమ్మా, నీ చిక్కు ఇంగ్లీషు రాకపోవడం వల్ల రాలేదు, తెలుగు బాగా రావడం వల్ల వచ్చింది. "సరుకు రాలేదా?" అని అడిగితే మనం "అవునండి, రాలేదు" అంటాం. అంటే అడిగినవాడి మాటతో ఒప్పుకుంటున్నాం. ఇంగ్లీషువాడికి అడిగిన తీరుతో పని లేదు, జరిగిన సంగతే ముఖ్యం. వచ్చి ఉంటే ఎస్, రాకపోతే నో. ప్రశ్న నిలువుగా అడిగినా అడ్డంగా అడిగినా అంతే. జపాన్‌వాళ్లు కూడా మనలాగే అవునంటారు, వాళ్లకీ ఇదే తంటా.

దీనికి మందు ఒకటే. ఒంటి మాటతో జవాబు ఆపకు. "నో సార్, వి హ్యావెంట్ రిసీవ్డ్ ఇట్" అని వాక్యం మొత్తం చెప్పు. అప్పుడు ముందు పొరపాటున ఎస్ అన్నా వెనకున్న వాక్యం నిన్ను కాపాడుతుంది.

ఇక అసలు మాట. పునాది వ్యాకరణం. రోజుకో గంట టెన్సులు, ఆర్టికల్సు చదివి అభ్యాసాలు రాయి. ఆరు నెలల్లో నోరు దానంతటదే తిరుగుతుంది.

తేజ_టిక్కీ
మాస్టారూ, మొదటి సగానికి దండం. రెండో సగానికి ఒప్పుకోను. ఆ అమ్మాయి మెయిళ్లు రాస్తోందంటే గ్రామర్ ఉన్నట్టే కదా. ఈత పుస్తకం ఇంకో ఆరు నెలలు చదివితే కాలవ దాటుతుందా?

నాది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. టెన్త్ రెండుసార్లు రాశాను, రెండుసార్లూ ఇంగ్లీషే పోయింది. ఓ ఏడు తేజ రకం కొనడానికి చైనా పార్టీ వచ్చింది. మామూలుగా మాట్లాడే గుమస్తాకి ఆరోజే జ్వరం. చచ్చినట్టు నేనే మాట్లాడాలి. నాకొచ్చిన మాటలు కలర్, మాయిశ్చర్, స్టెమ్‌లెస్, కంటైనర్, అడ్వాన్స్. తాలు కాయని ఏమనాలో తెలీక గుప్పెడు తీసి "దిస్ నో" అని, ఇంకో గుప్పెడు తీసి "దిస్ ఎస్" అన్నాను. ఆయన ఇంగ్లీషు నాకంటే అధ్వానం. ఇద్దరం కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) కోయించి చూసుకుంటూ రెండు గంటలు మాట్లాడుకున్నాం. బేరం కుదిరింది. మర్నాటినుంచి నాకు భయం పోయింది. మాటలు తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి.

బ్రోడీపేట_మాస్టారు
నాయనా, నీ చేతిలో మిరపకాయ ఉంది. ఆ అమ్మాయి చేతిలో ఫోన్ ఉంది. ఫోన్లో గుప్పెడు ఎలా చూపిస్తుంది?

తేజ_టిక్కీ
అదీ నిజమే 😀

కృష్ణలంక_కుర్రాడు
ఇంగ్లీషు సీరియల్సు సబ్‌టైటిల్స్‌తో చూడండి. నేను ఇంజినీరింగ్ నాలుగేళ్లూ అదే పని. ఇప్పుడు ఏ యాసైనా ఇట్టే అర్థమవుతుంది.

వన్‌టౌన్_వాసు
అర్థం కావడం సరే, మాట్లాడతావా?

కృష్ణలంక_కుర్రాడు
అదీ… ఇంటర్వ్యూలో కొంచెం తడబడ్డాను.

వన్‌టౌన్_వాసు
మూడుసార్లు తడబడ్డావని నువ్వే ఇక్కడ వేరే చర్చలో రాశావు తమ్ముడూ.

పుస్తకాల_పురుగు
కుర్రాణ్ణి వదిలేయండి, అతనిలాంటివాళ్ల మీద పరిశోధనే జరిగింది. కెనడాలో ఇంగ్లీషు పిల్లల్ని చిన్నప్పటినుంచీ ఫ్రెంచి మీడియంలో వేశారు. ఏళ్ల తరబడి పాఠాలన్నీ ఫ్రెంచిలోనే విన్నారు. వినడం, చదవడం అద్భుతంగా వచ్చాయి. మాట్లాడటం, రాయడం మాత్రం ఆ స్థాయికి రాలేదు. మెరిల్ స్వెయిన్ అనే ఆవిడ 1985లో దీని గురించి రాస్తూ, వినడం ఒక్కటే చాలదు, నోటితో వాక్యం కట్టాల్సి వచ్చినప్పుడే మనకు ఏది రాదో మనకు తెలుస్తుందని వాదించింది. వినగా వినగా భాష అదే వస్తుందన్న భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ వాదానికి ఇది గట్టి జవాబు. ఇద్దరి వైపూ ఇప్పటికీ మనుషులున్నారు. నా ఓటు ఆవిడకే. వినకుండా మాత్రం ఏ భాషా రాదు, అది వేరే సంగతి.

బెజవాడ_బాబాయ్
నాకు సంగీతం విని విని చెవి తయారైంది. గొంతు వింటే మా ఆవిడ తలుపేసుకుంటుంది. కెనడా దాకా ఎందుకు!

నైట్_డ్యూటీ_సిస్టర్
ఇప్పుడే డ్యూటీ దిగాను. కాస్త పెద్దగా రాస్తాను, ఏమనుకోవద్దు.

నేను గుంటూరులో నర్సుని. విదేశాలకు వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాశాను. మొదటిసారి స్పీకింగ్‌లోనే దెబ్బతిన్నాను. అందులో స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలే. మధ్యలో ఒక కార్డు ఇస్తారు, ఒక నిమిషం ఆలోచించుకుని ఒకటి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. నేను నలభై సెకన్లలో మొత్తం చెప్పేసి ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాను. ఆవిడ నా మొహం చూస్తూ కూర్చుంది.

తర్వాత నేను చేసింది ఇది. రోజూ ఒక చిన్న సంగతి తీసుకునేదాన్ని. నిన్న వార్డులో జరిగిందో, అమ్మ పెట్టిన ఆవకాయో, ఏదైనా సరే. దాని గురించి ఫోన్లో రికార్డు పెట్టి నాలుగు నిమిషాలు మాట్లాడాలి. వెంటనే అదే సంగతి మూడు నిమిషాల్లో. మళ్లీ అదే రెండు నిమిషాల్లో. మొదటిసారి నట్లు కొడుతూ వెతుక్కున్న మాటలే మూడోసారికి నోటి చివర ఉంటాయి. ఇది నేను కనిపెట్టింది కాదు. క్లాసుల్లో మనిషిని మార్చి మార్చి ముగ్గురికి చెప్పిస్తారు, నాలుగు-మూడు-రెండు అంటారు. నాకు ముగ్గురు దొరకలేదు. ఒకసారి ఫోను, ఒకసారి అద్దం, ఒకసారి మా పిల్లి.

రికార్డు వినడం నరకం. రెండు నిమిషాల్లో పద్నాలుగుసార్లు "యాక్చువల్లీ" అన్నాను. కానీ విన్నాకే తగ్గింది. రెండోసారి పరీక్షలో కావలసిన బ్యాండ్ (స్కోరు) వచ్చింది.

అక్కా (చెల్లో, తెలీదు), మీరు ఆవకాయ బదులు క్లచ్ ప్లేట్ల సంగతి తీసుకోండి. మీకు ఫోన్లో వచ్చే మాటలు పది రకాలకు మించవు కదా. సరుకు తక్కువ వచ్చింది, లారీ రసీదు నంబరు ఇదీ, పేమెంటు ఫలానా రోజు వేశాం, క్రెడిట్ నోట్ ఎప్పుడిస్తారు. వీటినే నాలుగు-మూడు-రెండు పెట్టండి.

ఆటోనగర్_అకౌంట్స్
చెల్లినే. ఇది చేయగలను అనిపిస్తోంది. ఇంట్లో పిల్లి లేదు, అన్నయ్య ఉన్నాడు.

పుస్తకాల_పురుగు
సిస్టర్ గారు చెప్పిన నాలుగు-మూడు-రెండు గురించి భాషా బోధన పండితుడు పాల్ నేషన్ రాశారు. మాట వేగం పెరుగుతుంది, తడబాటు తగ్గుతుంది. అసలు కిటుకు ఒకే సంగతి మళ్లీ చెప్పడంలో ఉంది. ఏం చెప్పాలో వెతుక్కునే బాధ ఉండదు కాబట్టి బుర్ర అంతా ఎలా చెప్పాలో మీదికి వెళ్తుంది. మన ఇన్‌స్టిట్యూట్‌లు రోజుకో కొత్త టాపిక్ ఇస్తాయి, పిల్లలు రోజూ మొదటిసారి దగ్గరే ఆగిపోతారు.

వన్‌టౌన్_వాసు
మీరందరూ పద్ధతులు చెబుతున్నారు. నా గొడవ వేరు. నాకు ముంబై వాళ్లతో భయం లేదు, మా వాళ్లతోనే. బట్టల హోల్‌సేల్ మాది. ఓసారి టీ కొట్టు దగ్గర ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడాను. పెట్టేసి తిరిగేసరికి మా బ్యాచ్ మొత్తం లేచి నిలబడి "దొరగారికి సలాం". ఆర్నెల్లు నన్ను దొరా అనే పిలిచారు. తప్పు మాట్లాడితే నవ్వుతారు, ఒప్పు మాట్లాడితే పొగరంటారు. ఇక నోరెలా లేస్తుంది? ఇప్పటికీ ఇంగ్లీషు ఫోనొస్తే గోడౌన్లోకి పోయి చీరల మూటల మధ్య మాట్లాడతాను.

తేజ_టిక్కీ
మూటల మధ్య గొంతు బాగా వినపడుతుందిలే, ఎకో ఉండదు.

నైట్_డ్యూటీ_సిస్టర్
వాసు గారన్నది నవ్వులాట కాదు. మా హాస్టల్లో నలుగురు తెలుగు అమ్మాయిలం రాత్రి తొమ్మిది తర్వాత ఇంగ్లీషే మాట్లాడాలని రూలు పెట్టుకున్నాం. మూడో రోజుకి అందరం మౌనవ్రతం. కేరళ అమ్మాయి ఒకతె మా గదిలోకి వచ్చాకే మాట మొదలైంది. ఆమెకి తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు తప్పలేదు. నటించాల్సిన పని లేకుండా పోయింది.

కృష్ణలంక_కుర్రాడు
యాస సంగతి ఎవరూ చెప్పలేదు. ఆన్‌లైన్లో అమెరికన్ యాక్సెంట్ కోర్సు ఉంది, చేరనా?

బెజవాడ_బాబాయ్
బందరు రోడ్డు మీద ఉండి అమెరికా యాసెందుకురా అబ్బాయ్.

బ్రోడీపేట_మాస్టారు
యాస మార్చుకోనక్కర్లేదు, ఉచ్చారణ తేటగా ఉంటే చాలు. మనది అజంత భాష. మాటకు చివర అచ్చు లేకపోతే మనకు తోచదు. బస్సు, కారు, బ్యాంకు అన్నట్టే ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు కూడా "బిల్లు సెంటు సార్" అంటాం. రెండోది, మాట మొదట్లో "ఓ" వస్తే ముందు "వ" తగిలిస్తాం. ఓన్లీని వోన్లీ, ఓపెన్‌ని వోపెన్. ఎమ్మెల్యేని యెమ్మెల్యే అన్నట్టే. ఇవి నవ్వాల్సిన తప్పులు కావు, తెలుగు నాలుక స్వభావం. తెలుసుకుంటే సర్దుకోవచ్చు.

మూడోది అసలైనది, ఊనిక. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒక అక్షరం మీద బరువు వేసి మిగతావి మింగేస్తారు. ఫోటోగ్రాఫ్‌లో బరువు మొదట, ఫొటోగ్రఫీలో రెండో అక్షరం మీద. అది తప్పితే మాట తెలిసినా అవతలివాడికి చప్పున అందదు.

నైట్_డ్యూటీ_సిస్టర్
ఐఈఎల్‌టీఎస్‌లో కూడా ఉచ్చారణకు నాలుగో వంతు మార్కులు. ధారాళత, పదసంపద, వ్యాకరణం మిగతా మూడు వంతులు. తెలుగు యాస ఉందని మార్కులు తీసేయరు, అర్థమవుతోందా లేదా చూస్తారు.

వన్‌టౌన్_వాసు
మాస్టారూ, ఊనిక అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ! ఓసారి 15 చీరలంటే 50 వచ్చాయి. అప్పటినుంచీ "ఫిఫ్టీన్, వన్ ఫైవ్" అని రెండూ చెబుతాను.

బ్రోడీపేట_మాస్టారు
సరిగ్గా పట్టావు. ఫిఫ్టీలో బరువు ముందు పడుతుంది. ఫిఫ్టీన్‌లో చివరి "టీన్" మీద వేసి సాగదీయాలి. మనం రెండింటినీ ఒకే బరువుతో అంటాం, ఫోన్లో చివరి "న్" ఎటూ వినపడదు. అంకెలు విడిగా చెప్పడం చాలా మంచి అలవాటు.

ఆటోనగర్_అకౌంట్స్
నాదీ 15 ప్లేట్లే! ఆయన ఎన్ని విన్నాడో దేవుడికే తెలియాలి.

నంబూరు_లోకల్
నేను రోజూ గుంటూరు నుంచి బెజవాడ వెళ్లే పాసింజర్లో వస్తాను, నంబూరులో ఎక్కుతాను. వాసు గారి బాధకి నా దగ్గర ఒక మందుంది. మా బోగీలో ముగ్గురం కలిశాం. ఒకరు బ్యాంకు, ఒకరు కోర్టులో టైపిస్టు, నేను మందుల ఏజెన్సీ. ముందు పరిచయం లేదు, బంధుత్వం లేదు, ఒక ఊరు కాదు. నవ్వేవాళ్లు లేరు. మంగళగిరి దాకా తెలుగు, మంగళగిరి దాటాక ఇంగ్లీషు అని ఒప్పందం. కృష్ణా కెనాల్ దగ్గర బండి ఆగిపోతుంది చూశారా, అక్కడే ఎక్కువ మాట్లాడాం. ఆ బండి లేటయిన ప్రతి నిమిషానికీ రైల్వేకి రుణపడి ఉన్నాను.

ఇంకో సంగతి. మేం ఒకరి తప్పు ఒకరు అప్పటికప్పుడు దిద్దుకోం. బండి దిగాక ప్లాట్‌ఫారం మీద ఒక్కొక్కరికి ఒక్క తప్పే చెప్పుకుంటాం. మొదట్లో మాటమాటకీ దిద్దుకునేవాళ్లం, టైపిస్టు గారు వారం రోజులు వేరే బోగీ ఎక్కేశారు.

బ్రోడీపేట_మాస్టారు
ఇది చదివాక కాస్త సిగ్గుపడుతున్నాను. 31 ఏళ్లు మాటమాటకీ దిద్దినవాణ్ణి. ఎంతమంది పిల్లలు బోగీ మారారో!

గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. సవర అనే గిరిజన భాషకి అప్పట్లో పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. సవరా తెలుగూ రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట్లాడుతూ నేర్చుకున్నారు. వ్యాకరణం, నిఘంటువు తర్వాత ఆయనే రాశారు. వరస అదీ. నేను తిరగేసి చెప్పాను.

తేజ_టిక్కీ
మాస్టారు ఒప్పుకున్నారు. ఈరోజు యార్డుకి సెలవు.

బ్రోడీపేట_మాస్టారు
సగమే ఒప్పుకున్నాను. టెన్సులు వదలకూడదు.

పుస్తకాల_పురుగు
ఫోన్‌కి ఒక చిట్కా. అర్థం కానప్పుడు వాడే మూడు వాక్యాలు కాగితం మీద రాసి టేబుల్ గాజు కింద పెట్టుకోండి. "కుడ్ యూ సే దట్ అగైన్, ప్లీజ్?", "లెట్ మీ చెక్ అండ్ కాల్ యూ బ్యాక్ ఇన్ టెన్ మినిట్స్", "కెన్ యూ సెండ్ దట్ బై మెయిల్?" ఫోన్ పెట్టే ముందు మీకు అర్థమైంది మీరే ఒకసారి తిరిగి చెప్పండి, "సో, ఫిఫ్టీన్ ప్లేట్స్ ఆర్ స్టిల్ పెండింగ్, రైట్?" అని. ఆ రోజు ఈ ఒక్క ముక్క అని ఉంటే క్లెయిము మూసేవాళ్లు కాదు. మీ బలం రాత. మాటని రాతలోకి లాగండి.

ఆటోనగర్_అకౌంట్స్
మూడు వారాలయింది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

రోజూ షాపు మూసే ముందు గోడౌన్లో నాలుగు-మూడు-రెండు చేస్తున్నాను. మొదటివారం రికార్డు వినలేకపోయాను, నా గొంతు ఎవరిదోలా ఉంది. మా హమాలీ ఒకాయన విని "అమ్మాయిగారూ, ఎవరితో పోట్లాడుతున్నారు?" అని అడిగాడు. అన్నయ్య ముందు చేస్తే నవ్వాడు, వాసు గారు చెప్పినట్టే. అన్నయ్యని మానేశాను.

నిన్న పూణే నుంచి అదే మనిషి. ఓనర్ గారు ఎదురుగానే ఉన్నారు, ఫోన్ ఇవ్వలేదు. ముందు గాజు కింద కాగితం చూసుకున్నాను. ఆయన మళ్లీ అలాగే తిరగేసి అడిగాడు, "సో యూ డిడింట్ గెట్ దోజ్ ప్లేట్స్?" అని. ఎస్ నోటిదాకా వచ్చింది. ఆపుకుని, "నో సార్. నాట్ రిసీవ్డ్. ఫిఫ్టీన్, వన్ ఫైవ్, పెండింగ్" అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన, "ఓ, ఐ వాజ్ థింకింగ్ యూ ఆర్ గాట్ ఇట్" అన్నాడు. ఆయన ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమేనని ఇన్నాళ్లూ నాకు వినపడనే లేదు! నా భయంలో నా మాటే విన్నాను గాని ఆయన మాట వినలేదు.

మెయిల్ పెట్టమన్నాడు. పెట్టాను.

నైట్_డ్యూటీ_సిస్టర్
చెల్లీ 👏👏 పిల్లి తరఫున కూడా.

బ్రోడీపేట_మాస్టారు
చాలా సంతోషం తల్లీ. "నాట్ రిసీవ్డ్" కాదు, "వి హ్యావెంట్ రిసీవ్డ్ దెమ్". ఒక్క తప్పే చెబుతున్నాను, ప్లాట్‌ఫారం రూలు ప్రకారం.

వన్‌టౌన్_వాసు
నంబూరు అన్నా, మీ బోగీలో ఇంకో సీటుందా? నాకు గుంటూరులో పనేమీ లేదు, అయినా వస్తాను.

నంబూరు_లోకల్
వెనకనుంచి రెండో బోగీ. దొరగారని ఎవరూ అనరు. పల్లీలు మీరే తేవాలి.

తేజ_టిక్కీ
అవన్నీ సరే అమ్మాయ్, అసలు సంగతి చెప్పు. క్రెడిట్ నోట్ ఇంకా రాలేదా?

ఆటోనగర్_అకౌంట్స్
అవునండి.

బెజవాడ_బాబాయ్
అవునంటే వచ్చినట్టా, రానట్టా?